చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య

ఈసారి ఊరగాయల గురించి రాస్తానని పోయిన నెల మాటిచ్చాను. మర్చిపోలేదు. ఆవకాయ జాడీలో ఊరుతూనే ఉంది, ఎక్కడికీ పారిపోదు. ఈలోగా మా ఇంట్లో ఇంకో పని జరిగింది. మా అమ్మాయి బండికి ముందు మడ్‌గార్డు పోతే కొత్తది వేశాం. నేనూ, అదీ కలిసి. మెకానిక్ లేకుండా. మడ్‌గార్డు గురించి ఇంత రాయడానికేముంది అంటారేమో, చదివి చెప్పండి.

మా అమ్మాయికి ఇరవై నాలుగు. ఉద్యోగంలో చేరిన రెండేళ్లకు, దాచుకున్న డబ్బుతో సెకండ్ హ్యాండ్ బండి ఒకటి కొనుక్కుంది. స్కూటీ కాదు, బుల్లెట్టూ కాదు. మట్టి దారుల్లో, గుట్టల మీద నడపడానికి చేసిన రకం. డర్ట్ బైక్ అంటారు. మొదటిసారి చూసినప్పుడు నాకు కొంగ గుర్తొచ్చింది. సన్నగా, ఎత్తుగా, పొడుగాటి కాళ్ల మీద నిలబడ్డట్టు ఉంటుంది. ముందు చక్రం వెనక చక్రం కంటే పెద్దది. ఈ రకం బండ్లకు ముందు 21 అంగుళాల చక్రం మామూలట. గుంత వచ్చినా రాయి వచ్చినా పెద్ద చక్రమైతే సులువుగా ఎక్కి దిగుతుంది. ఇక ముందు మడ్‌గార్డు సంగతి. మామూలు బండ్లకు అది చక్రాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది కదా, దీనికేమో చక్రానికి ఎంతో ఎత్తున, హెడ్‌లైటు కింద, బాతు ముక్కులా ముందుకు చాచుకుని ఉంటుంది. "ఇంత పైన ఉంటే బురద ఆపేదేమిటే?" అని ఆ రోజే అడిగాను. "దానికి కారణం ఉందమ్మా, తర్వాత చెప్తా" అంది. ఆ తర్వాత రావడానికి ఏడాది పట్టింది.

నెలకు రెండు ఆదివారాలు చేవెళ్ల దాటాక ఒకరి సొంత పొలంలో వేసిన మట్టి ట్రాక్‌కి వెళ్తుంది. అక్కడ ఆడపిల్లలు ఇంకో ముగ్గురు ఉన్నారు. ఆడపిల్లలకు ఇదేం ఆట అని మీలో కొందరు అనుకోవచ్చు. బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే 2019లో ఎఫ్ఐఎం బాజాస్ వరల్డ్ కప్ మహిళల విభాగంలో గెలిచింది. రోడ్డు లేని దారుల్లో బండి నడిపే పోటీలవి. ఆ అమ్మాయి ఫొటో మా పిల్ల గదిలో అద్దం పక్కన ఉంటుంది. నేను రోజూ ఆ గది ఊడ్చేటప్పుడు ఆమె నన్నే చూస్తున్నట్టుంటుంది.

ఫిబ్రవరిలో మా అమ్మాయి పడింది. ట్రాక్ మీదే, పెద్ద వేగం కూడా కాదు. మలుపులో ముందు చక్రం జారింది. మెడకు కిందుగా భుజానికి అడ్డంగా ఉండే ఎముక విరిగింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు గానీ, ఆరు వారాలు చెయ్యి మెడకు వేలాడదీసుకునే తిరిగింది. ఆ ఆరు వారాలూ దానికి జడ వేసింది నేనే. ఐదో క్లాసు తర్వాత మళ్లీ ఇప్పుడే నా ముందు అంతసేపు కదలకుండా కూర్చుంది.

బండికి పెద్ద దెబ్బలేం తగల్లేదు. హ్యాండిల్ కొంచెం వంగింది, ముందు మడ్‌గార్డు రెండు ముక్కలైంది.

మావారు పిల్లను ఒక్క మాట అనలేదు. హాస్పిటల్లోనూ అనలేదు, ఇంట్లోనూ అనలేదు. రాత్రి నాతో మాత్రం అన్నారు, "చెయ్యి బాగవగానే ఆ బండి అమ్మేయమను." తండ్రీ కూతుళ్లు ఎదురెదురుగా మాట్లాడుకోకపోతే తల్లి పోస్టాఫీసు అయిపోతుంది, మీకు తెలియనిదేముంది. నేను చెప్పాను. అది విని "అమ్మను" అంది. నేను వచ్చి చెప్పాను. ఆయన విని టీవీ సౌండు పెంచారు.

ఆయన భయం ఊరికే వచ్చింది కాదు. పద్దెనిమిదేళ్ల క్రితం మా మరిదికి బైక్ యాక్సిడెంట్ అయింది. నలభై రోజులు హాస్పిటల్ వరండాలో పడుకుంది మావారే. మరిది కాల్లో ఇప్పటికీ రాడ్ ఉంది, మెట్లెక్కేటప్పుడు కుడికాలు ఆగి ఆగి వస్తుంది. అప్పటినుంచీ మావారు టూవీలర్ ముట్టుకోలేదు. కూరగాయలకైనా సరే, కారు తీస్తారు, లేకపోతే నడుస్తారు. "అది కొన్నది దాని డబ్బుతో, అమ్మమనడానికి మనమెవరం?" అని నేనంటే, "మా తమ్ముడు నడిచేది రోజూ చూస్తూ ఈ మాటంటున్నావా?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

కానీ నేను ఇంకోటి కూడా చూశాను. చెయ్యి కట్టుకుని కూర్చున్న ఆ ఆరు వారాల్లో అది ప్రతి సాయంత్రం కిందికెళ్లి, పార్కింగ్‌లో ఆ బండి పక్కన కాసేపు నిలబడి వచ్చేది. ముట్టుకునేది కాదు. వట్టినే నిలబడేది.

కట్టు తీసేశాక మా వీధి చివరి మెకానిక్‌ని పిలిచాం. హ్యాండిల్ సరిచేసి ఇచ్చాడు. మడ్‌గార్డు దగ్గరికొచ్చేసరికి పెదవి విరిచాడు. "ఈ మోడల్ ఇప్పుడు రావట్లేదమ్మా. దీనిది దొరకదు. మామూలు బండి మడ్‌గార్డు ఒకటి చక్రానికి దగ్గరగా బిగించేస్తా. ఇంకా బాగా కాపాడుతుంది, బట్టల మీద చుక్క పడదు" అన్నాడు. నాకు సబబుగానే అనిపించింది. అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. "దగ్గరగా వద్దన్నా. దగ్గరగా ఉంటే బురదలో చక్రం ఆగిపోతుంది" అంది.

ఆ మాట వినగానే నాకు మా నాయన కళ్ల ముందు కనపడ్డాడు.

మాది నంద్యాల దగ్గర పల్లె. నల్లరేగడి నేల. ఎండాకాలంలో కాలు దూరేంత నెర్రెలు విచ్చి, వానాకాలంలో మైనంలా అంటుకునే మట్టి. మా నాయన బడిపంతులు. పక్క ఊరి బడికి రోజూ సైకిల్ మీద వెళ్లేవాడు. నాలుగు చినుకులు పడితే చాలు, ఆ మట్టి చక్రానికి పట్టి, చక్రంతో పైకి తిరిగి, మడ్‌గార్డు లోపల కూరుకునేది. వంద గజాలు పోయేసరికి చక్రానికీ గార్డుకీ మధ్య వేలు దూర్చే సందు కూడా ఉండేది కాదు. తొక్కినా కదలదు, నెట్టినా కదలదు. నాయన ఒక తుమ్మ పుల్ల ఎప్పుడూ హ్యాండిల్‌కి కట్టుకునేవాడు, మట్టి పొడుచుకోవడానికి. పుల్లతో పని కాకపోతే సైకిల్‌ని భుజానికెత్తుకుని ఇంటికొచ్చేవాడు. మనిషిని మోయాల్సిన సైకిల్‌ని మనిషి మోసుకు రావడం మా ఊళ్లో వింతేమీ కాదు. వానాకాలంలో సగం మంది మగవాళ్లు అలాగే వచ్చేవారు.

ఒక ఏడు విసిగిపోయి ముందు మడ్‌గార్డు పీకేశాడు. చక్రం హాయిగా తిరిగింది. బురద మాత్రం మొహం దాకా ఎగిరేది. తెల్ల పంచె బడికి చేరేసరికి నల్ల చుక్కల పంచె అయ్యేది. గార్డు పీకిన సుఖం నాయనది, బండకేసి ఉతికిన కష్టం అమ్మది. రేగడి మరక అంత సులువుగా వదలదు. నెల తిరగకుండానే మా అమ్మ గార్డు మళ్లీ పెట్టించింది. మళ్లీ పుల్ల, మళ్లీ భుజం మీద సైకిల్.

చూశారా, గార్డు దగ్గరగా ఉంటే చక్రం ఆగిపోతుంది, అసలు లేకపోతే మొహాన బురద పడుతుంది. మా ఊళ్లో ఈ రెండే తెలుసు. మూడో దారి ఉందని నాకు మా అమ్మాయి బండి చూపించింది. గార్డు ఉండాలి, కానీ దూరంగా ఉండాలి. మధ్యలో బురద పట్టినా చక్రం తిరిగేంత ఖాళీ వదలాలి. డర్ట్ బైక్ మడ్‌గార్డు అంత ఎత్తున ఉండేది అందుకే. ఇంకో కారణం కూడా ఉంది. ఈ బండ్ల ముందు షాకబ్జర్లు చాలా పొడుగు. పోటీ బండ్లలో ముందు చక్రం దాదాపు 300 మిల్లీమీటర్లు, అంటే ఒక అడుగు మేర పైకీ కిందికీ ఆడుతుంది. మా పిల్ల బండిది అంత ఉండదు, జానెడు లోపే. అయినా చక్రం అంత పైకి లేచొస్తే గార్డుకి తగలకూడదు కదా. అందుకని దాన్ని చక్రంతో పాటు ఆడే భాగానికి కాకుండా, పైన రెండు షాకబ్జర్ గొట్టాలనూ కలిపి పట్టుకునే అడ్డ ముక్క కింద బిగిస్తారు. చక్రం ఎంత ఎగిరినా గార్డు ఉన్నచోటే ఉంటుంది.

మనకు గార్డులు కొత్తేమీ కాదు లెండి. బండి వెనక ఎడమవైపు ఉండే చీర గార్డు మనకోసం పెట్టిందే. 1989 నాటి సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో దానికో నిబంధనే ఉంది. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే ఏర్పాటు ఉండాలని, పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు ఉండాలని. మా అమ్మాయి ఆ చీర గార్డు అందంగా లేదని తీసేస్తానంది. నేను ఒప్పుకోలేదు. ఎప్పుడో ఒకరోజు వెనక కూర్చోవాల్సింది నేనే కదా.

సరే, మడ్‌గార్డు ఆన్‌లైన్‌లో తెప్పించింది. కంపెనీది కాదు, ఏ బండికైనా సరిపడేలా చేసి అమ్మే రకం. దానికి రంధ్రాలు ఉండవు, మన బండికి ఎక్కడ కావాలో కొలుచుకుని మనమే వేసుకోవాలి. తెల్లటి ప్లాస్టిక్. వంచితే విల్లులా వంగి మళ్లీ తన రూపానికొస్తుంది. ఒకప్పుడు ఈ మడ్‌గార్డులు రేకుతోనో ఫైబర్ గ్లాసుతోనో చేసేవాళ్లట. పడితే రేకు వంగి చక్రానికి గుచ్చుకునేది, ఫైబర్ పగిలిపోయేది. ప్రెస్టన్ పెటీ అని అమెరికాలో ఒక రేసర్, తన గార్డులు విరగడం చూసి చూసి, వంగే ప్లాస్టిక్‌తో చేసి అమ్మడం మొదలుపెట్టాడు. 1970లలో అవి బాగా పేరు తెచ్చుకున్నాయి. పడ్డప్పుడు వంగాలి, లేచాక మళ్లీ మామూలుగా నిలబడాలి. ఆ గుణం మడ్‌గార్డుకి ఉంటే సగం పని అయిపోయినట్టే.

పార్సెల్ విప్పితే గార్డు ఒకపక్కకి మెలి తిరిగి ఉంది. పెట్టెలో కుక్కడం వల్ల. అమ్మాయి దిగులుపడింది. "మే నెల ఎండ ఉండగా దిగులెందుకే" అని డాబా మీదికి తీసుకెళ్లి, వడియాలు పెట్టే మంచం మీద బోర్లించి, రెండు చివర్లా ఇటుకలు బరువు పెట్టాను. సాయంత్రానికి మెలిక పోయింది. ఈ రకం ప్లాస్టిక్ వేడికి మెత్తబడి చెప్పినట్టు వింటుంది. పక్క వాటా ఆవిడ పైకొచ్చి, "ఇదేం వడియమండీ?" అని అడిగింది.

తర్వాత ఆదివారం రంధ్రాల పని. అమ్మాయి పాత గార్డు ముక్కలు రెండూ కలిపి కొత్తదాని మీద పెట్టి గుర్తులు వేయబోయింది. విరిగినచోట అతకడం లేదు, కొలత అటూ ఇటూ అవుతోంది. "ఆగు" అన్నాను. జాకెట్టు కుట్టేదాన్ని నేను. పాత జాకెట్టు సాగిపోయి ఉంటే దాన్నిబట్టి కత్తిరించం, మనిషి ఒంటి మీద కొలత తీసుకుంటాం. న్యూస్ పేపర్ ఒకటి మడిచి, బండి కిందికి దూరి, ఆ అడ్డ ముక్క అడుగున అదిమి పెట్టి వేలితో రుద్దాను. నాలుగు బోల్టు గుంతలూ కాగితం మీద గుండ్రంగా పడ్డాయి. రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దే చిన్నప్పటి ఆటే. తర్వాత కాగితాన్ని గుర్తులు ఒకదాని మీద ఒకటి పడేలా సగానికి మడిచాను. ఆ మడత నడిమి గీత. గార్డుకి కూడా కుట్టుమిషన్ డబ్బాలోని సుద్దముక్కతో నడిమి గీత గీసి, గీత మీద గీత పెట్టి గుర్తులు దించాను. మెడ పట్టీ ఒక దారం పక్కకి పోతే జాకెట్టంతా వంకర కనపడుతుంది చూడండి, ఇక్కడా అంతే. వెనక రెండు మిల్లీమీటర్లు జరిగితే ముందు ముక్కు దగ్గర వంకర అంతకంత పెరిగి కనపడుతుంది.

కర్టెన్ల కోసం కొన్న డ్రిల్లింగ్ మిషన్ ఇంట్లోనే ఉంది. గార్డు కింద ఆధారంగా పాత చపాతీ పీట పెట్టాం. ముందు 3 మిల్లీమీటర్ల ముక్కుతో చిన్న రంధ్రం, దాని మీద పెద్దది. మిషన్ నెమ్మదిగా తిప్పాలి. వేగం ఎక్కువైతే ప్లాస్టిక్ తెగదు, వేడికి కరిగి పాకంలా చుట్టుకుంటుంది. అంచుల్లో మిగిలిన పీచు బ్లేడుతో గీకేశాం.

అప్పుడు అమ్మాయి నాలుగు చిన్న ఇనుప గొట్టాలు తీసింది. వేలి కణుపు కంటే పొట్టివి. వాటిని బుష్‌లు అంటారట. "ఇవెందుకు?" అన్నాను. పాత గార్డు ముక్క చూపించింది. విరుగు మొదలైంది సరిగ్గా బోల్టు రంధ్రాల దగ్గరే. పాత ఓనరు చేతిలో ఎప్పుడో ఆ బుష్‌లు పోయాయి, ఎవరో బోల్టును ప్లాస్టిక్ మీదే గట్టిగా బిగించేశారు. బిగించినచోట ప్లాస్టిక్ నలిగి, కంటికి కనపడని పగుళ్లు పట్టి, పడ్డ రోజు అక్కడినుంచే చీలింది. రంధ్రంలో బుష్ ఉంటే బోల్టు బిగువంతా ఇనుము మీద పడుతుంది. ప్లాస్టిక్ కదలకుండానూ ఉంటుంది, నలగకుండానూ ఉంటుంది. "ఎంత గట్టిగా బిగిస్తే అంత భద్రం అనుకుంటారమ్మా, దీనికి అలా కాదు" అంది. నేనేమీ మాట్లాడలేదు. స్పానర్ అందించాను.

బోల్టులకు వదులు కాకుండా నీలం జిగురు ఒక్కో చుక్క వేసి, నాలుగూ ఒకేసారి గట్టిగా కాకుండా, ఎదురెదురువి మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించాం. హ్యాండిల్ ఈ కొసనుంచి ఆ కొస దాకా తిప్పి చూశాం, వైర్లేవీ లాగడం లేదు. ఇక అసలు పరీక్ష మిగిలింది. షాకబ్జర్లు పూర్తిగా అణిగినప్పుడు చక్రం గార్డుకి తగులుతుందా?

టేపు పెట్టి కొలిచాం. టైరు మీదినుంచి గార్డు కింద బోల్టు తలల దాకా 195 మిల్లీమీటర్లు. షాకబ్జర్ గొట్టంలో నిగనిగలాడుతూ బయటికున్న భాగం 160. చక్రం అంతకు మించి పైకి రాలేదు. అంటే ఎంత అణిగినా 35 మిగలాలి. లెక్క సరిపోయింది. కానీ అమ్మాయికి కంటితో చూడాలని ఉంది. షాకబ్జర్ అణిగేటప్పుడు బ్రేకు గొట్టం వంగి బయటికి పొడుచుకొస్తుంది. అది ఎటు వంగుతుందో లెక్కలో తెలియదు. చక్రానికీ గార్డుకీ మధ్య పడిందంటే ప్రమాదం. గొట్టానికి ఒక ప్లాస్టిక్ ట్యాగ్ చుట్టి, ఎంత అణిగిందో తెలిసేలా ఉంచి, అది ఎక్కి ఊపింది. సగం కూడా అణగలేదు. కడ్డీలా ఉంటుంది, యాభై కేజీలు లేదు. నేనెక్కుదామంటే బండి ఎత్తుకు నా కాళ్లు నేలకు అందవు.

"బరువైన మనిషి కావాలి" అంది. ఇద్దరం పైకి చూశాం. బాల్కనీలో మావారు పేపర్ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎంతసేపటినుంచి చూస్తున్నారో తెలియదు.

"నాన్నా, ఒక్కసారి వస్తావా?" అని పిలిచింది. మూడు నెలల్లో ఆ బండి విషయం ఆయనతో నేరుగా మాట్లాడటం అదే మొదటిసారి. నేను నోరు మెదపలేదు. పోస్టాఫీసుకి ఆ రోజు సెలవు.

వచ్చారు. చెప్పులు లేకుండా వచ్చారు. "ఏం చెయ్యాలి?" అన్నారు. అది చెప్పింది. ముందు బ్రేకు పట్టుకుని, బరువంతా హ్యాండిల్ మీద వేసి కిందికి నొక్కాలి. ఆయన బండిని ఒకసారి చుట్టూ చూశారు. తర్వాత లుంగీ ఎగ్గట్టి కాలు వేసి ఎక్కారు. పద్దెనిమిదేళ్ల తర్వాత. ఆయన రెండు చేతులూ హ్యాండిల్ మీద పడటం చూసి నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. అమ్మాయికి ఆ లెక్క తెలియదు. అది నేల మీద పడుకుని చక్రం వైపే చూస్తోంది.

"నొక్కు నాన్నా. ఇంకా. ఇంకా."

ఎనభై అయిదు కేజీల మనిషి. నాలుగుసార్లు ఊపి నొక్కేసరికి ట్యాగ్ గొట్టం పైకొస దగ్గరికి వచ్చేసింది. చక్రం గార్డుకి తగల్లేదు. బ్రేకు గొట్టం మాత్రం లోపలివైపుకి వంగింది. ముందు చూసింది ఆయనే. "ఆ నల్ల గొట్టం చూడు, టైరు వైపు పోతోంది" అన్నారు. అమ్మాయి క్లిప్పు విప్పి, గొట్టాన్ని బయటికి తిప్పి మళ్లీ బిగించింది. మళ్లీ నొక్కారు. ఈసారి బయటికే వంగింది. "ఇంకోసారి" అని ఆయనే మరో నాలుగుసార్లు నొక్కారు. పని అయిపోయింది. అయినా కాసేపు ఆయన దిగలేదు. మేమూ దిగమనలేదు.

మావారు మారిపోయారని రాస్తే అబద్ధమవుతుంది. ఆ రాత్రి మళ్లీ "అమ్మేస్తే బాగుండు" అన్నారు. ఇప్పటికీ అది ట్రాక్‌కి వెళ్లిన ఆదివారం ఆయన భోజనం సగంలో లేచిపోతారు. నాకు మాత్రం ధైర్యం పొంగిపొర్లుతోందా? లేదు. ఫోన్ పక్కనే పెట్టుకుని కూర పోపు మాడ్చిన రోజులున్నాయి. కాకపోతే మా ముగ్గురి మధ్య కొన్ని ఒప్పందాలు కుదిరాయి. ట్రాక్ మీదే నడపాలి, ఒంటరిగా కాదు. హెల్మెట్, బూట్లు, ఛాతీకీ మోకాళ్లకీ కవచాలు లేకుండా ఇంజన్ స్టార్ట్ చేయకూడదు. హైవే మీద వేగం వద్దు. పైనున్న మడ్‌గార్డుకి ఎదురుగాలి తగిలి ముందు భాగం తేలినట్టు ఊగుతుంది. చేరగానే ఒక మెసేజ్, బయల్దేరేటప్పుడు ఒక మెసేజ్. మధ్యలో మేం ఫోన్ చేయకూడదు. చివరి షరతు దానిది. ఆయన మూడు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు.

పిల్లల్ని కాపాడుకోవడమంటే అంటిపెట్టుకుని ఉండటమే అని మనకు ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తుంది. కడుపులో ఉన్నప్పటినుంచీ అలవాటు. వదిలేయమని చెప్పేవాళ్లు కూడా ఉంటారు. "పెద్దవాళ్లయ్యారు, వాళ్ల బతుకు వాళ్లది" అంటారు. అది మా నాయన గార్డు పీకేసినట్టు. నాకు ఆ రెండూ వద్దు. నేనుంటాను, బోల్టులు గట్టిగానే ఉంటాయి. కానీ కాస్త ఎత్తున ఉంటాను. దానికి ఎగరడానికీ, అణగడానికీ, మట్టి పట్టడానికీ చోటు వదిలి ఉంటాను. ఆ చోటు ఎంతో టేపు పెట్టి కొలవడం కుదరదు, అదొక్కటే కష్టం.

పోయిన వారం మొదటి వాన తర్వాత ట్రాక్‌కి వెళ్లొచ్చింది. మనిషీ బండీ ఒకే రంగులో ఉన్నారు. అది స్నానానికి వెళ్లాక నేను పైపు పట్టుకుని బండి దగ్గరికెళ్లాను. మొదటిసారి తిప్పాక బోల్టులు మళ్లీ చూసుకోవాలని చెప్పింది కదా అని స్పానర్ పెట్టి చూస్తే, నాలుగూ అప్పుడే ఎవరో బిగించేసినట్టున్నాయి. అమ్మాయి ఇంకా పైనుంచి దిగలేదు. మావారి చెప్పులకు మాత్రం తడి మట్టి ఉంది.

గార్డు కింద చెయ్యి పెట్టి చూశాను. అంగుళం మందాన మట్టి పట్టి ఉంది. దాని కింద, టైరుకి పైన, నా నాలుగు వేళ్లూ నిలువుగా పట్టాయి. చక్రం ఎత్తి తిప్పితే హాయిగా తిరిగింది.